టికే

సెమిలిగుడలో రోడ్డు వార నా రేకుల షెడ్డు.
పాతికేళ్లు నీళ్ల మోటార్లకు రాగి చుట్టాను.
ఇవాళ పొగగొట్టం లేని బండొకటి వచ్చి
చప్పుడు చెయ్యకుండా గుమ్మంలో ఆగింది.
వెనక ట్రైలర్ మీద పన్నెండు బస్తాల అల్లం.

గౌరహరి దిగాడు.
అతని ఒడియా, నా తెలుగు
ఎప్పుడూ సగం దారిలో కలుసుకుంటాయి.
"సుంకి ఘాటీలో ఎనకనించి నెట్టేస్తంది అపా.
నానాగినా అది ఆగదు."
చేతిలో అట్టపెట్టె. అందులో బ్రేకు కంట్రోలరు,
నాలుగు అగ్గిపెట్టెలు పేర్చినంత.

డాష్‌బోర్డు కిందకి తల దూర్చాను.
నారింజ రంగు తీగ కనపడగానే చెయ్యి వెనక్కి లాక్కున్నాను.
అది పుట్టలో పాము, దాని దారిన దాన్ని పోనివ్వాలి.
నా పని పన్నెండు వోల్టుల చిన్న సంసారంతో.
నలుపు బ్యాటరీ నుంచి తిండి తెస్తుంది,
తెలుపు ఉన్నదంతా ఇనుముకి చెప్పేసుకుంటుంది,
నీలం వెనక చక్రాల దాకా కబురు మోస్తుంది.
ఆ చక్రాల్లో ఉన్నది అయస్కాంతమే.
దానితో నాకు పాత పరిచయం.

ఎరుపు దగ్గరే వచ్చింది చిక్కు.
ఈ బండి, కాలు తీస్తే చాలు, తనే తగ్గిపోతుంది.
తగ్గిన వేగాన్ని కూడా బ్యాటరీలో దాచుకుంటుంది,
గంజి వార్చి గంజినీ దాచిన మా అత్తలా.
పెడల్ నొక్కనిదే ట్రైలర్‌కి ఏం తెలుస్తుంది?
తల గోక్కుంటూ వెనక్కి వెళ్లి చూశాను:
కాలు తీసినా బ్రేకు లైటు మాత్రం వెలుగుతోంది.
ఎరుపుని తెచ్చి ఆ లైటు తీగకే ముడేశాను.

పెట్టె వంకరగా బిగిస్తే దానికి లోకమంతా వంకరే.
పక్కింటి తాపీ పైడియ్య దగ్గర రసమట్టం అరువు తెచ్చి,
బుడగ మధ్యకొచ్చాకే మేకులు బిగించాను.

పొట్టంగి వైపు, ఖాళీ రోడ్డు.
రెండు మీద పెడితే ట్రైలర్ నిద్ర లేవలేదు.
ఆరు మీద చక్రాలు బిగుసుకుపోయి
తారు మీద రెండు నల్ల గీతలు గీశాయి,
ఒక బస్తా కుట్టు తెగి అల్లం దొర్లింది.
ఏరుకుంటూ అన్నాడు గౌరహరి: "టికే."
గోటితో తిప్పాను.
"ఆఉ టికే."
నాలుగుకీ అయిదుకీ నడుమ
అంకె లేని చోట, కుదిరింది.
"హేలా!" అన్నాడు. నేను నమ్మాను.

ఘాటీ మొదట్లో తెలిసింది
రాత్రంతా ఛార్జింగు పెట్టి నూరు నింపుకొచ్చాడని,
అదీ గొప్పగా చెప్పాడు.
కాలు తీశాడు. బండి తగ్గలేదు.
నిండిన కడుపులోకి ముద్ద దిగదు కదా,
వాలు పెట్టిందంతా బ్యాటరీ వద్దంటోంది.
లైటూ వెలగలేదు, ఎరుపూ పలకలేదు.
రెండో మలుపులో లారీ ముక్కు కనిపించింది.
అతని కాలు పెడల్ మీదకి,
నా బొటనవేలు పెట్టె మీది మీట మీదకి,
ఎవరిది ముందో ఇప్పటికీ తెలీదు.
చెంగు పట్టుకు లాగే పిల్లలా ట్రైలర్ మమ్మల్ని వెనక్కి లాగింది.
లారీవాడు తిట్టిన తిట్టు ఏ భాషో అర్థం కాలేదు,
తిట్టని మాత్రం తెలిసింది.

గట్టు వార ఆపాం. కాలిన డ్రమ్ముల వాసన,
దాని మీద పచ్చి అల్లం ఘాటు.
ఇంకో గోరంత పెంచాను.
"రేపటినించి ఎనభై కాడే ఆపు.
కొండ దిగేవోడు కడుపులో కాస్త జాగా ఉంచుకోవాల."
"టికే ఖాలి," అన్నాడు, లెక్క ఒప్పజెప్పినట్టు.

సాలూరులో కూలి ఇచ్చి,
పైన విరిగిన అల్లం కొమ్మొకటి చేతిలో పెట్టాడు.
తిరిగి కొండెక్కే బస్సులో
డ్రైవరు బ్రేకు మీద కాలేసిన ప్రతిసారీ
నా బొటనవేలు, ఒళ్లో,
లేని చక్రాన్ని టికే తిప్పింది.